ప్యూ వారి ప్రపంచ సర్వే సైటు: శీర్షిక వదిలేసి పట్టిక తెరిచేవాళ్ళకి మంచి సరుకు

"ప్రపంచంలో నూటికి 72 మంది తప్పుడు సమాచారమే అన్నిటికన్నా పెద్ద ముప్పు అంటున్నారు." ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 ఆగస్టులో బయటపెట్టిన అంతర్జాతీయ సర్వేని ఎవరైనా ఇలా ఒక్క ముక్కలో చెప్పారంటే, ఆ ముక్కలో మూడు తప్పులున్నట్టు. అడిగింది ప్రపంచాన్ని కాదు, 25 దేశాల్ని. 72 అన్నది మనుషుల లెక్క కాదు, దేశాల వరసలో నడిమధ్యన నిలబడ్డ అంకె. ఇక "అన్నిటికన్నా పెద్దది ఏది" అని ఎవర్నీ అడగలేదు. ఒక్కో ముప్పు పేరూ చదివి, ఇది మీ దేశానికి పెద్ద ముప్పా, చిన్న ముప్పా, అసలు ముప్పే కాదా అని విడివిడిగా అడిగారు.

ఇందులో సైటు తప్పేమీ లేదు. మూడు సంగతులూ అక్కడే రాసి ఉంటాయి. చదివేవాళ్ళే అంతదాకా వెళ్ళరు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు, రొయ్యల ఎగుమతి మీద బతికే భీమవరం, కాకినాడ వాళ్ళు, కువైట్‌లోనో మస్కట్‌లోనో మనుషులున్న కోనసీమ ఇళ్ళు, జిల్లా పేపర్లకి రాసేవాళ్ళు: వీళ్ళకి ఆ సైటు ఎంతవరకు అక్కరకొస్తుందో చూడటమే ఈ సమీక్ష పని.

ముందు సరుకేంటో. ప్యూ వాషింగ్టన్‌లో ఉన్న పరిశోధన సంస్థ. డబ్బు ప్రధానంగా ప్యూ చారిటబుల్ ట్రస్ట్స్ నుంచి వస్తుంది. 2002లో 44 దేశాల్లో మొదటి ప్రపంచ సర్వే చేసింది. ఆ తర్వాత ఏటా వేసవి ముందు జనాన్ని అడగడం, ఆపైన విడతలు విడతలుగా నివేదికలు వదలడం అలవాటైంది. చదవడానికి పైసా అక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు. ముడి డేటా కావాలంటే మాత్రం ఉచిత ఖాతా తెరవాలి. ఈ నివేదికలు తెలుగులో దొరకవు. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది, ఇంటర్ చదివినవాళ్ళకి అందుతుంది.

ప్రతి నివేదికకీ నాలుగు పొరలుంటాయి. పైన శీర్షిక, దాని కింద వ్యాసం, బొమ్మలు. వాటి కింద మెథడాలజీ, అంటే సర్వే ఎలా చేశారో చెప్పే పేజీ. పక్కన టాప్‌లైన్ అనే పీడీఎఫ్. కొన్నాళ్ళు ఆగాక డేటా ఫైలు. మన వార్తలు పై పొర దగ్గరే ఆగిపోతాయి. అసలు విలువంతా మూడోదైన టాప్‌లైన్‌లో ఉంది.

టాప్‌లైన్ తెరిస్తే ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది, ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఎలా చదివారో అలాగే. దాని కింద దేశాల పేర్లు. ఒక్కో దేశానికి ఏటేటా ఒక వరస. నిలువు గళ్ళలో పెద్ద ముప్పు, చిన్న ముప్పు, ముప్పు కాదు, చివరన "తెలియదు లేదా చెప్పం", మొత్తం. ఈ చివరి గడి మీద వేలు పెట్టి చదవాలి. బొమ్మల్లో ఈ గడి తరచూ కనపడదు. జవాబు ఇవ్వనివాళ్ళని చూపలేదు అని కింద సన్నటి అక్షరాల్లో రాసి వదిలేస్తారు. భారతదేశానికి, ముఖ్యంగా విదేశీ నాయకుల గురించి అడిగినప్పుడు, ఈ గడి లావుగా ఉంటుంది. నలభై మంది మంచిదన్నారు, ముప్ఫై మంది చెడ్డదన్నారు అంటే మిగతా ముప్ఫై మంది ఊరుకున్నారని అర్థం. ఆ మౌనాన్ని వదిలేసి "మెజారిటీ అనుకూలం" అని రాస్తే అది అబద్ధమే.

25 దేశాల మీడియన్ సంగతి. దేశాల అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి పదమూడోదాన్ని తీసుకుంటారు. అంటే కోటి మంది ఉన్న గ్రీసుకీ, నూట నలభై కోట్లకు పైగా ఉన్న మనకీ చెరో ఓటు. 2025లో వచ్చిన మీడియన్లు ఇవి: తప్పుడు సమాచారం 72, ప్రపంచ ఆర్థిక స్థితి 70, ఉగ్రవాదం 69, వాతావరణ మార్పు 67, అంటువ్యాధులు 60. మొదటి నాలుగింటి మధ్య తేడా అయిదు పాయింట్లు. ఏదో ఒక దేశంలో అంకె కాస్త కదిలితే వరస తారుమారవుతుంది. కాబట్టి "ఏది ఫస్టు, ఏది సెకండు" అని పోటీ పరీక్షల నోట్సులో రాసుకోవడం కన్నా, నాలుగూ దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి, అంటువ్యాధులు మాత్రం కిందికి జారాయి అని రాసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

దీనికి తోడు మరో ఉచ్చు ఉంది. 2022లో ఇదే ప్రశ్నకి వాతావరణ మార్పు 75తో పైన నిలిచింది. ఇప్పుడు 67. "మూడేళ్ళలో జనానికి భూతాపం మీద బెంగ తగ్గిపోయింది" అనేయాలనిపిస్తుంది. అనకూడదు. అప్పుడు అడిగింది 19 దేశాల్ని, అందులో భారతదేశమే లేదు. కోవిడ్ వల్ల ఇంటింటికీ వెళ్ళే సర్వే ఆగిపోయి మన దేశం కొన్నేళ్ళు జాబితాలోంచి తప్పుకుంది. పోల్చాలంటే రెండేళ్ళలోనూ ఉన్న దేశాల్నే తీసుకోవాలి. ప్యూ వాళ్ళు తమ వ్యాసంలో అదే చేస్తారు. పక్కపక్కన రెండు శీర్షికలు పెట్టుకుని పోల్చేది మనమే.

ఈ ప్రశ్నకి ఇంకో హద్దు ఉంది. అడిగింది "మీ దేశానికి" ముప్పా అని. ఉప్పాడ దగ్గర కడలి ఇళ్ళని కోసుకుపోవడం, అంతర్వేది వైపు బోర్లలో ఉప్పునీళ్ళు రావడం, 1996 నవంబరు తుపానుని కళ్ళారా చూసినవాళ్ళ భయం, ఇవన్నీ ఆ "దేశానికి" అన్న మాటలో కలిసిపోతాయి. విడదీసే దారి లేదు.

అసలు మన గోదావరి జిల్లాల మాట ఆ సర్వేలో ఎంత? లెక్క వేద్దాం. 2023లో ప్యూ వాళ్ళు మార్చి 25 నుంచి మే 11 వరకు భారతదేశంలో 2,611 మందిని ఎదురుగా కూర్చుని అడిగారు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభా 121 కోట్లు, పాత ఉభయ గోదావరి జిల్లాలది 91 లక్షలు. ఆ నిష్పత్తిన మన వాటాకి వచ్చేది ఇరవై మంది. పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్ మొత్తానికి నూట ఏడు. ఇరవై మంది జవాబుల మీద పొరపాటుకి అవకాశం అటూ ఇటూ 22 పాయింట్లు; అంటే యాభై శాతం అన్నది 28 కావచ్చు, 72 కావచ్చు. పైగా ఇది కాగితం మీది సగటు. సర్వేలో ముందు ఊళ్ళనీ వార్డులనీ లాటరీ తీసి, ఎంచిన చోట్ల కొన్ని ఇళ్ళు తడతారు కాబట్టి, గోదావరి జిల్లాల నుంచి ఒక్క ఊరూ తగలకపోవచ్చు, తగిలితే ఇరవై మందీ రెండు ఊళ్ళవాళ్ళే కావచ్చు. రొయ్యల చెరువులో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) చూసేటప్పుడు విసురువల ఒక్క మేత మూలనే వేస్తే ఏమవుతుందో రైతుకి చెప్పక్కర్లేదు. ప్యూ వాళ్ళు వల దేశం నాలుగు మూలలా వేస్తారు, అందుకే దేశం అంకె నమ్మదగ్గది. ఒక్క మూల గురించి మాత్రం ఆ వల ఏమీ చెప్పదు.

వలవేసే పద్ధతిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మెథడాలజీ పేజీలో దేశం వారీగా ఎన్ని రోజులు అడిగారు, ఏయే భాషల్లో అడిగారు, ఫోనులోనా ఎదురుగానా, ఏ ప్రాంతాలు వదిలేశారు, మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (పొరపాటుకి అవకాశం) ఎంత, అన్నీ ఇస్తారు. భారతదేశంలో అడిగే భాషల్లో తెలుగు ఉంది. తలుపు తీసినవాణ్ణి అడిగేసి వచ్చేయడం ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళందరి జాబితా రాసుకుని కిష్ గ్రిడ్ లాంటి పట్టీ ప్రకారం ఒకర్ని ఎంచుతారు. అలా చేయకపోతే పగలు ఇంటి దగ్గర ఉండేవాళ్ళూ, చొరవగా మాట్లాడే మగవాళ్ళూ మాత్రమే లెక్కలోకి వస్తారు. 2,611 మందిని నేరుగా లాటరీ తీసి ఉంటే ఎర్రర్ 1.9 పాయింట్లు. ఊళ్ళ గుంపులుగా తీశారు కాబట్టి అంతకన్నా ఎక్కువ. ఎక్కువ ఎంతో ఆ పేజీలోనే ఉంటుంది, చూసుకోవాలి.

విదేశీ సంబంధాల భాగానికి వస్తే సైటు అసలు సత్తా కనిపిస్తుంది. 2023 ఆగస్టు నివేదిక మన గురించే. భారతదేశం మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు 23 దేశాల మీడియన్‌లో 46, చెడు అభిప్రాయం 34, ఏమీ చెప్పనివాళ్ళు 16. కూడితే 96 వస్తుంది, వంద రాదు. చూసినవాళ్ళు లెక్క తప్పారనుకుంటారు. తప్పు కాదు: మూడు గళ్ళకీ మీడియన్ విడివిడిగా తీశారు, 46 వచ్చిన దేశం ఒకటి, 34 వచ్చిన దేశం మరొకటి. మీడియన్లు కలిపితే వంద రావాలన్న నియమమే లేదు. విడిగా దేశాలు చూస్తే ఇజ్రాయెల్‌లో 71 శాతం మనల్ని మెచ్చుకున్నారు. ఫ్రాన్సులో 2008లో 70 ఉన్న మెప్పు 2023కి 39కి పడిపోయింది. ఇలా పదిహేనేళ్ళ తేడాని ఒకే ప్రశ్నతో, ఒకే వాక్యంతో చూపగలిగిన ఉచిత సైట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ నివేదికలో అన్నిటికన్నా పదునైన అంకెల జంట మరోటి. మన దేశం పలుకుబడి ఈ మధ్య పెరిగిందని భారతీయుల్లో 68 శాతం అన్నారు. అదే ప్రశ్నని 2022లో వేరే 19 దేశాల్లో అడిగితే మీడియన్ 28. మన టీవీ చర్చల్లో మొదటి అంకె మోగుతుంది, రెండోది వినపడదు. రెండూ ఒకే నివేదికలోవి. ఈ రెంటి మధ్య 40 పాయింట్ల సందు గురించి ఏ పార్టీవాళ్ళైనా కాసేపు ఆలోచించవచ్చు. దాన్ని దేశద్రోహం కింద కూడా లెక్కకట్టనక్కర్లేదు, ఎందుకంటే బయటివాళ్ళలో చాలామంది మన పలుకుబడి తగ్గిందనలేదు, ఎప్పట్లాగే ఉందన్నారు. ఈ మూడో గడి సంగతి టాప్‌లైన్ తెరిస్తేనే తెలుస్తుంది.

ఎగుమతిదారులకి ముఖ్యమైన జాగ్రత్త: నివేదిక తేదీ వేరు, అడిగిన తేదీ వేరు. 2025 సర్వే జనవరి 8న మొదలై ఏప్రిల్ 26న ముగిసింది. జూన్‌లో వచ్చిన భాగంలో ట్రంప్ మీద నమ్మకం ఉందన్నవాళ్ళు (అమెరికాని వదిలేసి) 24 దేశాల మీడియన్‌లో 34 శాతమే, భారతదేశంలో మాత్రం సగానికి పైగా. ఆగస్టు 27 నాటికి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యకి అమెరికాయే పెద్ద మార్కెట్ కాబట్టి ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. ఆగస్టులో ఎవరైనా ఆ నివేదిక తిరగేసి "మనవాళ్ళకి అమెరికా మీద ఇంత మోజా" అని ముక్కున వేలేసుకుంటే, వాళ్ళు చూస్తున్నది సుంకాలకి ముందటి భారతదేశాన్ని. ఈ సర్వే ధర చెప్పదు, ధర ఎటు పోతుందో చెప్పదు. సీడు (రొయ్య పిల్లలు) ఎప్పుడు వదలాలి, సరుకు ఎప్పుడు పట్టాలి అన్నదానికి దీన్ని చూడటం దండగ. అమెరికా ఓటరు దిగుమతుల గురించి, చైనా గురించి ఏళ్ళ తరబడి ఎటు మొగ్గుతున్నాడో తెలుసుకోవాలనుకునే ప్రాసెసింగ్ ప్లాంట్ యజమానికి మాత్రం పనికొస్తుంది.

లోటు పెద్దగా కనిపించేది గల్ఫ్ దగ్గర. 2025 జాబితాలో కువైట్ లేదు, సౌదీ లేదు, ఎమిరేట్స్ లేదు, ఒమన్ లేదు. చైనాలో చివరగా అడిగింది 2016లో, రష్యాలో 2019లో. మనకి దగ్గరివాళ్ళైన బంగ్లాదేశ్, శ్రీలంక 2024లో ఉన్నాయి, 2025లో లేవు. జాబితా వాషింగ్టన్ అవసరాన్ని బట్టి, సర్వేవాళ్ళని ఊళ్ళలోకి రానిచ్చే ప్రభుత్వాలని బట్టి తయారవుతుంది. రాజోలు నుంచి చూస్తే ఎడారి దేశాలు పక్క వీధిలో ఉన్నట్టుంటాయి. ప్యూ పటంలో అది ఖాళీ జాగా. ఆ ఖాళీని కొంత పూడ్చేది అరబ్ దేశాల్లో చేసే అరబ్ బారోమీటర్ సర్వే. 2006 నుంచి నడుస్తోంది, డేటా ఉచితం, కువైట్‌ని కూడా అడిగింది. కాకపోతే అక్కడ అడిగేది పౌరుల్ని. కువైట్ జనాభాలో ఎక్కువమంది బయటినుంచి వెళ్ళినవాళ్ళే అయినా డ్రైవరు, వంటమనిషి, నర్సు ఆ లెక్కలోకి రారు.

ముడి డేటాతో పని చేయదలిస్తే ఇలా చేయాలి. ఖాతా తెరిచి కావలసిన ఏడాది స్ప్రింగ్ సర్వే జిప్ దించుకుంటే లోపల .ఎస్‌ఏవీ ఫైలు, ప్రశ్నాపత్రం, కోడ్ పుస్తకం ఉంటాయి. దాన్ని తెరవడానికి ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల ప్రోగ్రాం కొననక్కర్లేదు. పీఎస్‌పీపీ అనే ఉచిత ప్రోగ్రాం అదే ఫైలుని తెరుస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. డేటా మెనూలో వెయిట్ కేసెస్ నొక్కి వెయిట్ అన్న వేరియబుల్ పెట్టాలి. ఇది మొదటి పని. మర్చిపోతే వయసు, చదువు, పట్నం-పల్లె నిష్పత్తి సరిచేయని అంకెలొస్తాయి. తర్వాత సెలెక్ట్ కేసెస్‌లో దేశాన్ని ఎంచుకుని అనలైజ్ మెనూలోంచి క్రాస్‌టాబ్స్ (రెండు ప్రశ్నల జవాబుల్ని అడ్డంగా, నిలువుగా పేర్చే పట్టికలు) తీయాలి. వచ్చిన శాతాన్ని టాప్‌లైన్‌తో సరిచూడాలి. ఒక పాయింటు తేడా వస్తే అది రౌండింగ్. నాలుగైదు పాయింట్లు ఎక్కువొస్తే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: తెలియదు, చెప్పం అన్నవాళ్ళ కోడ్‌లు (సాధారణంగా 8, 9) మిస్సింగ్ (లెక్కలోకి తీసుకోనివి) కింద పోయాయి, హారం చిన్నదైంది. అన్ని దేశాల్నీ కలిపి ఒకే శాతం తీయడం మరో తప్పు. భారతదేశం శాంపిల్ పెద్దది కాబట్టి మొత్తం మన వైపు ఒరిగిపోతుంది. దేశం దేశంగా తీసి ఆపైన మీడియన్ చూడాలి. తేడా నిజమైనదా, కాకతాళీయమా అని చెప్పడానికి క్రాస్‌టాబ్ కింద వచ్చే కై-స్క్వేర్ పరీక్షని కూడా మరీ నమ్మకూడదు. ఊళ్ళ గుంపులుగా తీసిన శాంపిల్ అని ఆ లెక్కకి తెలియదు, లేని తేడాని ఉన్నట్టు చూపగలదు. ఇంకో ఇబ్బంది, ఫైలు నివేదికతోపాటే రాదు, బాగా ఆలస్యమవుతుంది. తాజా అంకె కావాలంటే టాప్‌లైనే గతి.

ఇంత పని వద్దనుకునేవాళ్ళకి అదే సైటులో గ్లోబల్ ఇండికేటర్స్ డేటాబేస్ ఉంది. దేశం, ప్రశ్న ఎంచితే ఏటేటి అంకెలు గీతగా వస్తాయి. డిగ్రీ కాలేజీ సెమినార్‌కి అది చాలు. కొన్ని దేశాల్లో ఫోను నుంచి ఆన్‌లైన్ ప్యానెల్‌కి మారిన ఏడు గీతలో కుదుపు కనపడొచ్చు. అమెరికా, ఆస్ట్రేలియా గీతలు చూసేటప్పుడు ఆ సంగతి గుర్తుండాలి.

పోటీ సరుకు గురించి నాలుగు ముక్కలు. గ్యాలప్ వరల్డ్ పోల్ 140కి పైగా దేశాలు తిరుగుతుంది, ముడి డేటాకి డబ్బు కట్టాలి. లోవీ పోల్ 2005 నుంచి, చికాగో కౌన్సిల్ సర్వే 1974 నుంచి, రెండూ బాగుంటాయి, కాకపోతే ఒకటి ఆస్ట్రేలియా వాళ్ళ మాట, ఒకటి అమెరికా వాళ్ళ మాట. యూరోబారోమీటర్ ఉచితం, యూరప్ మీద పనిచేసేవాళ్ళకి బంగారు గని. ఢిల్లీలోని పరిశోధన సంస్థ ఓఆర్‌ఎఫ్ మన యువత విదేశాంగ అభిప్రాయాలు అడుగుతుంది. 2021లో 14 నగరాల్లో 18 నుంచి 35 ఏళ్ళవాళ్ళు 2,037 మంది. నగరాలు మాత్రమే, పల్లెలు లేవు, అది చెప్పకుండా "భారత యువత" అని రాయకూడదు. ప్రపంచ ఆర్థిక వేదిక ఏటా జనవరిలో వదిలే గ్లోబల్ రిస్క్స్ నివేదిక అసలు ప్రజాభిప్రాయమే కాదు. అడిగేది నిపుణుల్ని, 2025లో తొమ్మిది వందల పైచిలుకు మంది. రాబోయే రెండేళ్ళ ముప్పుల్లో 2024లోనూ 2025లోనూ అక్కడ కూడా తప్పుడు సమాచారమే మొదట నిలవడంతో కరెంట్ అఫైర్స్ పుస్తకాల్లో దీన్నీ ప్యూనీ కలిపేసే ప్రమాదం ఉంది. పరీక్షకి వెళ్ళేవాళ్ళు రెంటినీ వేర్వేరు పేజీల్లో రాసుకోవాలి.

మొత్తానికి అయిదు చుక్కలకి నాలుగు ఇవ్వవచ్చు. ఒకటి కోసింది గల్ఫ్ లేనందుకు, డేటా ఆలస్యానికి, బొమ్మల్లో మౌనంగా ఉన్నవాళ్ళని దాచినందుకు. ప్రశ్నని, పద్ధతిని, తేదీని బహిరంగంగా పెట్టే నిజాయితీకి మాత్రం కోత లేదు. ఎన్నికలప్పుడు మన వీధుల్లో తిరిగే సర్వేలలో ఎన్ని తమ ప్రశ్నాపత్రం చూపించాయో ఎవరికి వారు గుర్తు తెచ్చుకోవచ్చు.

విలేకరులకి ఒక సూచన. ప్యూ అంకె వాడేటప్పుడు వార్తలో నాలుగు సంగతులు తప్పకుండా పెట్టండి: ఎన్ని దేశాలు, ఏ తేదీల మధ్య అడిగారు, భారతదేశంలో ఎంతమంది, తెలియదన్నవాళ్ళెంత. ఒక్క వాక్యంలో పడతాయి. స్థలం చాలకపోతే బొమ్మ తీసేయండి, ఆ వాక్యం ఉంచండి.